పెళ్ళి రెండు నెలల్లో, కంట్లో ఉంగరం

చీమకుర్తి నుంచి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. పేరు రాయొద్దన్నారు. ఊరి పేరు రాసుకోవచ్చన్నారు, "ఈ పని చేసేవాళ్ళు మా ఊళ్ళో వందల మంది, నేనెవరో ఎవురికీ తెలవదు" అని.

ఆయనకు 53 ఏళ్ళు. పాతికేళ్ళుగా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో స్లాబులు చూసి గ్రేడు పెట్టే పని. బ్లాక్ గెలాక్సీ రాయి, నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలు. ఆ చుక్కలు ఎక్కడ దట్టంగా పడ్డాయి, ఎక్కడ పల్చబడ్డాయి, వెంట్రుకంత చీలిక ఎక్కడుంది, ఇవన్నీ ఆయన కన్నే చెప్పాలి. చిన్నప్పటి నుంచి కళ్ళద్దాలు, పవరు మైనస్ ఏడు. మూడున్నర వారాల కిందట, సాయంత్రం షెడ్డులో స్లాబు ముందు నిలబడి ఉంటే కుడికంటి అంచున సన్నటి మెరుపు మెరిసింది. రాయి మీద లైటు తగిలిందనుకున్నారు. రాత్రి చీకట్లో పెరట్లోకి పోతూ తల తిప్పితే మళ్ళీ అదే మెరుపు. తెల్లారి చూస్తే సున్నం గోడ మీద నల్లటి ఉంగరం లాంటిదేదో ఈదుతోంది, చుట్టూ సాలెగూటి పోగులు.

బావమరిది బండి మీద ఎక్కించుకుని ఒంగోలు తీసుకెళ్ళారు. చుక్కలు వేసి, నెత్తిన లైటు పెట్టుకుని డాక్టరు గారు చూశారు. "జెల్ విడిపోయింది, రెటినాకు చిరుగు లేదు, ఇప్పటికైతే భయం లేదు, నెల తర్వాత మళ్ళీ రండి" అన్నారు. అంతే. ఆ నెల వచ్చే వారంతో అయిపోతుంది. రెటినా అంటే కంటి లోపల వెనకవైపు పరుచుకుని వెలుగును పట్టే పల్చటి పొర.

ఈలోగా చాలా జరిగాయి. ఆయన పాస్ చేసిన స్లాబు ఒకదానికి చీలిక ఉందని కంటైనరు ఎక్కించేటప్పుడు బయటపడింది. ఓనరు కోప్పడలేదు గానీ "ఏమయ్యా, కళ్ళు కనపడతన్నాయా" అన్నాడట. మెడికల్ షాపులో అడిగితే ఫ్లోటర్లను, అంటే కంట్లో ఈదే ఆ నీడల్ని, కరిగిస్తాయని ఏవో చుక్కల మందు ఇచ్చారు. ఫోన్లో ఎవరో అనాసపండు తినమని పంపారు. బావమరిదేమో "ఆ జెల్ మొత్తం తీసేసి కడిగేస్తారంట, చెన్నై పోదాం, పెళ్ళి లోపల అయిపోద్ది" అంటున్నారు. పెళ్ళంటే కూతురి పెళ్ళి, ఇంకా రెండు నెలలుంది. అబ్బాయి వాళ్ళది కావలి.

అసలు ముడి ఇక్కడుంది. ఆయన అన్నగారికి పన్నెండేళ్ళ కిందట ఒక కన్ను పోయింది. "కంటి ముందు నల్ల పరదా పడతా ఉందిరా" అని ఆయన అన్నప్పుడు సంక్రాంతి పండగ. ఎవరో ఆకుపసరు పోశారు, పండగ పోనిద్దామన్నారు. ఇరవై రోజులకు ఆసుపత్రికి చేరితే ఆపరేషన్ చేశారు, కానీ వేళ్ళు లెక్కపెట్టే చూపే మిగిలింది. ఇప్పుడు తనకూ అదే వస్తోందని ఈయన భయం. ఈ సంగతి భార్యకు చెప్పలేదు. చెబితే కూతురికి తెలుస్తుంది, కూతురి నుంచి కావలికి చేరుతుంది, "కళ్ళు పోయే వంశం" అన్న మాట పుడుతుంది. "నేను లేని దోమల్ని తోలతా ఉంటే మా ఆవిడ చూసి నవ్వింది సార్. నేనూ నవ్వాను. రాత్రంతా నిద్ర పట్టలా" అని రాశారు.

అడిగినవి మూడు. భయం లేదన్నారు కదా, పెళ్ళి పనుల్లో మళ్ళీ ఒంగోలు పోవాలా? జెల్ తీయించుకోమంటారా? ఇంట్లో చెప్పాలా, వద్దా?

సమాధానం

మొదటిదానికి ఎదురుచూడాల్సిన పని లేదు. వెళ్ళండి. ఆ రెండో పరీక్ష తప్పొద్దు. మిగతా రెండూ మీ ఇష్టానికి సంబంధించినవి, వాటికి దారులు ఒకటికి మించి ఉన్నాయి. అయితే కంట్లో ఏం జరుగుతోందో తెలిస్తే తప్ప ఏ దారి ఎటు పోతుందో తేలదు. అది మీకెవరూ విడమర్చి చెప్పలేదు. కాబట్టి కాస్త నిదానంగా మొదలుపెడతాను.

ముంజెలు మీ వైపు బాగా దొరుకుతాయి కదా. లేత తాటిముంజెను బొటనవేలితో పొడిస్తే లోపల నీళ్ళు, చుట్టూ వణికే జెల్లీ. ముదిరేకొద్దీ నీళ్ళు పోయి గట్టిపడుతుంది. కంటి లోపలి జెల్ దీనికి తిరుగుడు. పుట్టినప్పుడు అంతా జెల్లీయే. వయసు మీద పడేకొద్దీ లోపల నీటి గుంటలు ఏర్పడతాయి. పద్దెనిమిదేళ్ళకే అందులో సుమారు అయిదో వంతు నీరై ఉంటుంది, ఎనభై దాటేసరికి సగానికి పైగా నీరే. దాని పేరు విట్రియస్. మొత్తం కలిపి 4 మిల్లీలీటర్లు, ఒక టీస్పూను కూడా నిండదు. కానీ కంటిగుడ్డులో అయిదింట నాలుగు వంతులు అదే.

అందులో నూటికి 98 పాళ్ళకు పైగా నీళ్ళే. మరి నీళ్ళలా ఎందుకు కారిపోదు? రెండు పదార్థాల వల్ల. ఒకటి కొలాజెన్, వెంట్రుక కంటే వేల రెట్లు సన్నటి పోగులు. రెండోది హయలురోనిక్ ఆమ్లం, నీటిని పట్టి ఉంచే జిగురు. ఈ రోజు ముఖానికి రాసే క్రీముల్లో కనిపించే ఆ పేరు పుట్టింది కంటిలోంచే. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆవుకళ్ళ జెల్‌లోంచి దాన్ని వేరు చేసి ఆ పేరు పెట్టారు. ఆ జిగురు నీళ్ళు తాగి ఉబ్బి పోగుల్ని ఎడంగా నిలబెడుతుంది. పోగులు జిగురును చెదరకుండా పట్టుకుంటాయి. పోగులు ఎడంగా ఉన్నంతకాలం వెలుగు అడ్డం లేకుండా పోతుంది, మనకేమీ కనపడదు. ఆ అమరిక సడలితే పోగులు ఒకదానికొకటి అతుక్కుని చిన్న చిన్న కట్టలవుతాయి. వాటి నీడ రెటినా మీద పడితే మీకు సాలెగూడు కనిపిస్తుంది.

తోడుకున్న పెరుగులో గంటె పెట్టి ఒక ముద్ద తీసి పక్కన పెట్టండి. కాసేపటికి ఆ గుంటలో తేటనీరు ఊరుతుంది. పెరుగు ముడుచుకుంటూ నీటిని వదిలేస్తోందన్నమాట. కంటి జెల్ చేసేదీ అదే. ఇది జబ్బు కాదు. మైనస్ పవరు ఎక్కువున్న వాళ్ళకు మాత్రం కంటిగుడ్డు పొడవుగా ఉంటుంది కాబట్టి సుమారు పదేళ్ళు ముందే వస్తుంది. మైనస్ ఏడు ఉన్న మీకు 53లో రావడం ముందుగా వచ్చిందని కూడా అనలేను.

ఇప్పుడు మెరుపు సంగతి. దీనికి వంటింట్లో ఒక పని చేసి చూడమని నా దగ్గరికి వచ్చేవాళ్ళకు చెబుతుంటాను. చెంబు నిండా నీళ్ళు పోసి పైన తులసి ఆకు వేయండి. చెంబును గభాలున పావు చుట్టు తిప్పండి. చెంబు తిరుగుతుంది, ఆకు ఉన్నచోటే ఉంటుంది. అదే చెంబులో గట్టిగా తోడుకున్న పెరుగుంటే పెరుగు చెంబుతో పాటే తిరుగుతుంది, ఆపితే ఆగుతుంది. చిన్న వయసులో జెల్ ఆ పెరుగు లాంటిది. కన్ను ఎటు తిరిగితే అటు తిరిగి చప్పున సర్దుకుంటుంది. మీ వయసులో అది సగం పెరుగు, సగం నీరు. కన్ను తిరిగి ఆగాక కూడా లోపలిది ఊగుతూనే ఉంటుంది. చూపును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మనం సెకనుకు రెండు మూడు సార్లు మారుస్తాం, రోజుకు లక్షకు పైగా. స్లాబు ఈ మూల నుంచి ఆ మూలకు చూపు తోసే మీ పనిలో అది ఇంకా ఎక్కువేమో.

జెల్ రెటినాకు అన్నిచోట్లా ఒకే గట్టిదనంతో అంటుకుని ఉండదు. కంటి ముందువైపు చుట్టూ ఒక పట్టీలాగా చాలా గట్టిగా, ఎప్పటికీ ఊడనంత గట్టిగా ఉంటుంది. వెనక కంటి నరం మొదలయ్యే చోట గుండ్రంగా, రక్తనాళాల వెంబడి, చూపు మధ్యభాగం దగ్గర ఒక మాదిరిగా ఉంటుంది. నీరు పెరిగి జెల్ ముడుచుకున్నప్పుడు వెనకవైపు పట్టు వదిలేస్తుంది. నరం చుట్టూ అంటుకున్న గుండ్రటి ముక్క అలాగే ఊడి జెల్‌తో పాటు ముందుకు వస్తుంది. మీరు సున్నం గోడ మీద చూస్తున్న ఉంగరం చాలావరకు అదే. అది కనిపించిందంటే వెనక పట్టు ఊడిందని అర్థం. ఆ ఉంగరమే మీ శత్రువని మీరు నెల రోజులుగా అనుకుంటున్నారు. అది అయిపోయిన సంగతికి గుర్తు మాత్రమే.

జాగ్రత్తగా చూసుకోవాల్సింది మెరుపును. రెటినాకు నొప్పి తెలియదు, దానికి తెలిసింది వెలుగు ఒక్కటే. జెల్ ఎక్కడైనా పట్టుకుని లాగినా అది "వెలుగు" అనే చెబుతుంది. చీకట్లో తల తిప్పినప్పుడు మెరిసిందంటే కారణం ఇదే. స్లాబు ముందు మెరిసిందీ మీ రాయి కాదు.

ఎంత బలంతో లాగుతుంది అంటే, చాలా తక్కువ బలంతో. ఈ జెల్ బిగువును కొలిచినవాళ్ళకు కొన్ని పాస్కల్స్ నుంచి కొన్ని పదుల పాస్కల్స్ దాకా వచ్చింది. ఒక తెల్లకాగితాన్ని బల్ల మీద పరిస్తే అది బల్లను నొక్కే ఒత్తిడి సుమారు ఒక పాస్కల్. సైకిల్ ట్యూబు రబ్బరు బిగువు లక్షల్లో ఉంటుంది. అంత బలహీనమైనది రెటినాను ఎలా చింపుతుందని మీకు అనుమానం రావచ్చు. రెటినా మందం మిల్లీమీటరులో పావు వంతు, అంచుల్లో అంతకన్నా పల్చన. పైగా జెల్ ఊడుతూ ఊడుతూ ఒకచోట గట్టిగా అంటుకుని ఆగిపోతే, లాగుడంతా ఆ సూదిమొనంత చోటే పడుతుంది. కవరు మీది స్టాంపును పీకుతుంటే ఎక్కడో ఒకచోట పట్టుకుని అక్కడే కాగితం చిరుగుతుంది చూడండి, అలాగ. హఠాత్తుగా మెరుపులు, ఉంగరాలు కనిపించి ఆసుపత్రికి వచ్చిన వందమందిలో సుమారు పది పదిహేను మందికి ఆ చిరుగు దొరుకుతుంది. మిగతా వాళ్ళకు దొరకదు. మొదటి రోజు మీకూ దొరకలేదు.

అయినా నెల తర్వాత ఎందుకు రమ్మన్నారంటే, ఊడడం ఒక్కరోజులో అయిపోయే పని కాదు. వెనక మొదలై అంచుల దాకా పాకడానికి వారాలు పడుతుంది. మొదట చిరుగు లేనివాళ్ళలో కొద్దిమందికి ఈ వారాల్లో కొత్తగా పడుతుంది. డాక్టరు గారు "ఇప్పటికైతే" అన్నారు, మీరే రాశారు. ఆ మాట ఆయన ఊరికే అనలేదు. మొదటి పరీక్ష ఆనాటి సంగతి చెప్పింది, రెండోది ఈ నెల సంగతి చెబుతుంది. వెళ్ళినప్పుడు ఆయన్ని రెండు అడగండి. "అంచుల దాకా, కనురెప్ప మీద నొక్కి చూశారా?" అని ఒకటి. "రెండో కంట్లో ఎక్కడైనా పల్చటి మచ్చలున్నాయా?" అని ఇంకొకటి. మైనస్ పవరు వాళ్ళలో రెటినా అంచున అలా పల్చబడిన చోట్లు ఎక్కువ. తప్పుగా అనుకోరు. రోగి అడిగితే డాక్టరుకు పని సులువవుతుంది.

ఇక మీ అన్నగారి సంగతి. ఉత్తరంలో మీరు దాన్ని తలరాతలా రాశారు. నాకు అలా కనిపించలేదు. ఆయనకూ మొదట ఇదే జరిగి ఉంటుంది, జెల్ విడివడడం. తర్వాత ఒకచోట చిరిగింది. చిరుగులోంచి నీరు రెటినా వెనక్కి దూరింది. తడి గోడ మీంచి కాగితం ఊడినట్టు రెటినా ఊడుతూ వచ్చింది. ఆయన చెప్పిన నల్ల పరదా అదే. పరదా చూపు మధ్యలోకి చేరక ముందే సరిచేస్తే చూపు చాలావరకు నిలుస్తుంది. మధ్యభాగం ఊడి రోజులు గడిస్తే రెటినాను అతికించగలరు గానీ పోయిన చూపును పూర్తిగా తేలేరు. మీ అన్నగారి కన్ను పోయింది ఆ ఇరవై రోజుల్లో.

వందేళ్ళ కిందటి దాకా ఈ జబ్బు వస్తే డాక్టర్లు కూడా వారాల తరబడి మంచం మీద కదలకుండా పడుకోబెట్టడం తప్ప పెద్దగా ఏమీ చేయలేకపోయేవారు. 1920ల్లో స్విట్జర్లాండ్‌లో లోజాన్ ఊళ్ళో జూల్స్ గోనాన్ అనే కంటి డాక్టరు, అసలు తప్పు ఆ చిరుగుదేనని, దాన్ని వెతికి మూసేస్తే రెటినా నిలుస్తుందని పట్టుబట్టి చూపించాడు. ఈ రోజు చిరుగును ముందే పట్టుకుంటే, నీరు దూరకముందే, దాని చుట్టూ లేజర్ చుక్కలు వేసి కుట్టినట్టు అతికిస్తారు. కుర్చీలో కూర్చోబెట్టి చేసే పని, అదే రోజు ఇంటికి పోవచ్చు. అన్నగారికీ మీకూ మధ్య ఉన్న తేడా ఇదే. మీరు మెరుపు దగ్గరే ఆసుపత్రికి వెళ్ళారు, ఆయన పరదా పడ్డాక కూడా ఇరవై రోజులు ఆగారు. మీ భయం మిమ్మల్ని కాపాడిందని నేననుకుంటాను. దాన్ని చూసి సిగ్గుపడకండి.

ఇప్పుడు జెల్ తీయించడం గురించి. బావమరిది గారు చెప్పింది అబద్ధం కాదు. ఆ ఆపరేషన్ ఉంది, విట్రెక్టమీ అంటారు. 1970ల మొదట్లో అమెరికాలోని మయామీలో రాబర్ట్ మాకెమర్ మొదలుపెట్టాడు. కంటిలో చిన్న రంధ్రాలు చేసి, జెల్‌ను కత్తిరిస్తూ పీలుస్తూ, దాని చోట ఉప్పునీటి లాంటి ద్రవం నింపుతారు. తర్వాత కన్నే తన నీటితో నింపుకుంటుంది. జెల్ మళ్ళీ పుట్టదు. రెటినా ఊడినప్పుడు, కంట్లో రక్తం కమ్మినప్పుడు అది కళ్ళు నిలబెట్టే ఆపరేషన్. ఒక్క ఉంగరం కోసం, అదీ నెల కూడా నిండకముందు చేయించుకోవడం వేరే లెక్క. తీసేటప్పుడు జెల్‌ను లాగాల్సి వస్తుంది, ఆ లాగుడుకే కొత్త చిరుగు పడొచ్చు. చీము పట్టే ప్రమాదం తక్కువే, కానీ పట్టిందంటే కన్ను పోతుంది. ఇంకోటి చాలామందికి తెలియదు. జెల్ ఊరికే కూర్చోదు. కంటి వెనక నుంచి వచ్చే ఆక్సిజన్‌ను తనలోని విటమిన్ సి తో ఖర్చుపెట్టి, ముందున్న కటకం దాకా పోకుండా ఆపుతుంది. దాన్ని తీసేస్తే ఆక్సిజన్ కటకాన్ని తాకుతుంది. అందుకే యాభై దాటినవాళ్ళలో ఈ ఆపరేషన్ తర్వాత రెండేళ్ళలోపు చాలామందికి శుక్లం వస్తుంది. అప్పుడు దానికో ఆపరేషన్.

పెళ్ళి లోపల అయిపోతుందన్న లెక్క కూడా తారుమారు కావచ్చు. ఎక్కడైనా చిరుగు పడి, రెటినాను లోపలి నుంచి ఒత్తి పట్టడానికి కంట్లో గ్యాస్ నింపాల్సి వస్తే రోజుల తరబడి తల డాక్టరు చెప్పిన తీరునే ఉంచాలి, గ్యాస్ కరిగేదాకా ఆ కంటికి చూపు మసక. కన్యాదానం పీటల మీద అలా కూర్చోవడం మీకు ఇష్టమా?

లేజర్‌తో ఉంగరాన్ని పేల్చడం ఇంకో దారి. ఉంగరం కటకానికీ రెటినాకూ దూరంగా, విడిగా ఉన్నప్పుడే కుదురుతుంది. కొందరికి ఊరట, కొందరికి ఒక పెద్ద నీడ పోయి నాలుగు చిన్న నీడలు. నెల కూడా నిండని ఉంగరానికి ఇప్పుడే తొందరపడక్కర్లేదు.

మూడో దారి ఆగడం. చాలామందికి మూడు నుంచి ఆరు నెలల్లో ఉంగరం కిందికి, పక్కకు జారుతుంది, మెదడు దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. పూర్తిగా పోదు. ఆకాశం వైపో తెల్లచొక్కా వైపో చూసినప్పుడు పలకరిస్తుంది. ఏడాది గడిచినా పని చేసుకోలేనంతగా ఉంటే అప్పుడు ఆపరేషన్ మాట ఎత్తినా తప్పు లేదు, చెన్నైలో అయినా విజయవాడలో అయినా రెటినా స్పెషలిస్టుతోనే మాట్లాడండి. నా మనసు ఆగడం వైపే ఉంది. కానీ ఈ నీడతో రోజంతా బతికేది మీరు, నేను కాదు. తూచుకోవాల్సింది మీరే.

ఆ చుక్కల మందు ఆపేయండి. కంటి ముందు వేసిన చుక్క వెనక జెల్ దాకా చేరేది బహు కొద్ది, అక్కడి పోగుల్ని కరిగించే చుక్కలు లేవు. అనాసపండు బాగుంటే తినండి, కంటి కోసం మాత్రం వద్దు.

స్లాబు విషయంలో మిమ్మల్ని మీరు అనవసరంగా శిక్షించుకుంటున్నారేమో. ఫ్లోటరు నీడ వెలుతురు నిండిన తెల్లటి చోట బాగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ కంటిపాప చిన్నదై నీడ అంచు పదునవుతుంది. నల్లరాయి మీద అది దాదాపు కలిసిపోతుంది. పాలిష్ మీద ట్యూబులైటు ప్రతిబింబించే చోట అడ్డం రావచ్చు, కాదనను. కానీ నిద్రలేని రాత్రి తర్వాత, "చూపు పోతోందా" అనుకుంటూ చూసిన కన్ను చీలికను దాటేసి ఉండొచ్చని నాకు అనిపిస్తోంది. కళ్ళద్దాల పవరు మారిందేమో కూడా చూపించుకోండి. రాయి దగ్గర ఉంగరం అడ్డొస్తే కళ్ళను పైకీ కిందికీ రెండుసార్లు ఆడించండి. లోపలి నీరు ఊగి ఉంగరం పక్కకు తప్పుకుంటుంది, ఒకటి రెండు క్షణాలు మీకు దొరుకుతాయి. తడిపి ఆరబెడుతూ చూసే పద్ధతి మీకు నేను చెప్పేదేముంది, చీలికలో తడి చివరిదాకా నిలుస్తుంది కదా. ఈ రెండు నెలలూ అనుమానమున్న స్లాబును కుర్రాడెవరితోనైనా రెండోసారి చూపించండి. ఓనరుతో ఎంత చెప్పాలో మీ ఇష్టం. "కంటికి పరీక్ష ఉంది, కొన్నాళ్ళు ఇంకో కన్ను తోడు కావాలి" అంటే చాలు. చెప్పకపోతే ఇంకో స్లాబు దాటిపోయినప్పుడు అతను తనకు తోచింది అనుకుంటాడు.

ఇంట్లో చెప్పడం గురించి. కావలి వాళ్ళకు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. జెల్ విడివడడం పెద్దవయసు దాకా బతికితే చాలామందికి వచ్చేది, నెరిసిన జుట్టు లాంటిది. వంశంలో నడిచేది మైనస్ పవరు, దానితో పాటు రెటినా అంచు పల్చబడే గుణం కొంతవరకు. మీ అమ్మాయికి కళ్ళద్దాలున్నాయని రాశారు. అవి పెట్టుకునే కదా పెళ్ళిచూపుల్లో కూర్చుంది, వాళ్ళు చూసే ఒప్పుకున్నారు. పెళ్ళయ్యాక ఎప్పుడైనా తీరిగ్గా అమ్మాయి కళ్ళకు చుక్కలు వేయించి ఒకసారి లోపల చూపించండి. మీ అన్నగారి రెండో కంటికి కూడా. ఆ కన్ను పోతే ఆయనకు ఇంకోటి లేదు.

భార్యకు చెప్పకపోవడం మాత్రం వేరు. చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. పెళ్ళికి వారం ముందు ఒక సాయంత్రం మీ కుడికంట్లో మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు కురిశాయనుకుందాం. లేదా మెరుపులు ఉన్నట్టుండి ఎక్కువయ్యాయి. లేదా పక్క నుంచి నీడ పాకడం మొదలైంది. వీటిలో ఏది వచ్చినా అదే రోజు రెటినా డాక్టరు దగ్గరుండాలి. మీరేమో ఇంటినిండా చుట్టాలను చూసి "పెళ్ళి పోనిద్దాం" అనుకుంటారు, అన్నగారు పండగ పోనిద్దామన్నట్టే. సంగతి తెలిసిన మనిషి ఇంట్లో ఒకరుంటే మిమ్మల్ని బండెక్కించి పంపుతారు. బావమరిదికి తెలుసు కదా అంటారేమో. ఆయన మంచివారే, కానీ ఆయన మీ పక్కన పడుకోరు, పొద్దున్నే మీతో కాఫీ తాగరు. చెబితే ఆవిడ కంగారుపడతారు, రెండు రోజులు ఏడవొచ్చు, దాచినందుకు కోపమూ వస్తుంది. అమ్మాయికి తెలిసే వీలూ ఉంది. ఈ నష్టాలు ఉన్నవే. ఒకవైపు వీటిని, ఇంకోవైపు కన్నును పెట్టి తూచి చూడండి.

పొద్దున్నే చేయాల్సిన చిన్న పని ఒకటి. ఎడమకన్ను మూసి, గోడ మీది క్యాలెండరు మధ్యలో ఒక తేదీ మీద చూపు నిలిపి, నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా చూసుకోండి. తర్వాత రెండో కన్ను. అర నిమిషం. కంటికి దెబ్బ తగిలే పనులకు దూరంగా ఉండండి, కన్ను నులమొద్దు. మిగతా పనులు, పెళ్ళి పనులతో సహా, చేసుకోవచ్చు. బరువులెత్తే సంగతి పరీక్షయ్యాక డాక్టరు గారినే అడగండి. పందిట్లో తెల్లగుడ్డల కింద, వీడియో లైట్ల ముందు ఉంగరం బాగా కనిపిస్తుంది. ముందే తెలిస్తే అప్పుడు గాభరా పడరు.

వచ్చే వారం ఒంగోలుకు బస్సులో వెళ్ళండి. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు మసగ్గా ఉంటుంది, వెలుగు చూడలేరు, బండి నడపకూడదు. ఆవిడను వెంట తీసుకెళ్ళండి. చుక్కలు వేసి కళ్ళు మూసుకుని బెంచీ మీద కూర్చోమంటారు, పాప విచ్చుకోవడానికి అరగంట పైనే పడుతుంది. ఇంట్లో ఎలా మొదలుపెట్టాలో తెలియలేదని రాశారు కదా. ఆ అరగంట మీకుంది, కళ్ళు మూసుకునే చెప్పొచ్చు. దోమల దగ్గర మొదలుపెట్టండి.